నవ్వుతూ ఇంకొక్కసారి

బిర్యానీ దమ్‌కు పెట్టేసరికి నా కాళ్లు మొద్దుబారిపోయాయి. వేడి తగిలితే నాకంతే, కళ్లు కూడా మసకబారతాయి. ఇది మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల జబ్బు అని డాక్టరు తేల్చి చెప్పినా, అత్తమ్మ సుగ్రాకు మాత్రం అది బద్ధకమే. "నడుస్తానే ఉండావు గదా, రోగమేంది?" అంటుంది. నిజమే, నడుస్తాను. మధ్యాహ్నానికల్లా ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టు అయిపోతుందని ఎవరికి చూపించను?

ఆ జబ్బు గురించి జనానికి తెలియజెప్పే వీడియో తీస్తామని ఒక సంస్థ వాళ్లు ఒంగోలు నుంచి మార్కాపురంలోని మా ఇంటికి వచ్చారు. వాళ్లకు భోజనం పెట్టి పంపాలని నా భర్త ఖాలిద్ పట్టుబట్టాడు. వంట నాదే.

వీడియో తీసే అమ్మాయి విజయ, కారులోంచి చక్రాల కుర్చీ దింపించింది. నాకు దాంతో పనిలేదన్నాను. కుర్చీ లేకపోతే చూసేవాళ్లకు జబ్బు అర్థం కాదంది. కూర్చున్నాను. ఖాలిద్ చేత నాకు నీళ్లు తాగించింది, నా భుజం మీద చెయ్యి వేయించింది. పెళ్లయ్యాక ఆయన నాకు గ్లాసు అందించడం అదే మొదలు. గుమ్మం దగ్గర అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. ఒక్క క్షణం నాకూ హాయిగానే అనిపించింది. అందుకే మరీ సిగ్గేసింది.

"అక్కా, నీ బలం ఎవరు?" కెమెరా వెనక నుంచి విజయ అడిగింది. ఏం చెప్పాలో ముందే నేర్పారు. 'నా భర్తే నా బలం, నేను ఓడిపోను' అని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"పొద్దుటి నుంచి మీకోసమే పొయ్యి దగ్గర నిలబడినా. ఇప్పుడు నా కాళ్లు నాకు తెలీడం లేదు. ఈ జబ్బంటే ఇదే."

మాట బాగుంది కానీ మరీ దిగులుగా ఉందనీ, నేర్పిన మాటే నవ్వుతూ ఇంకొక్కసారి చెప్పమనీ విజయ అంది.

కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని లోపలి గదిలోకి పోయి, ఫ్యాను వేసుకుని పడుకున్నాను. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది. వెనకాలే అత్తమ్మ వచ్చింది.

"ఇంటికొచ్చినోళ్ల ముందర ఇట్లనా? లేచి వడ్డించు."

"నాకు చేతకాదు అత్తమ్మా," అన్నాను. ఇన్నాళ్లూ గొంతులోనే అణిగిపోయిన మాట అది.

ఆమె వెళ్లిపోయింది. ప్లేట్లు ఎక్కడుంటాయని వంటింట్లో ఖాలిద్ వాళ్లమ్మను అడుగుతున్నాడు. ఆమెకూ తెలియదు. నాకు తెలుసు. చెప్పలేదు.