ప్రార్థన వేళ తలుపు

అమెరికాలో మెంఫిస్ ఊళ్ళోని ఆ చిన్న నల్లవాళ్ళ చర్చిలో ప్రార్థన మొదలైందంటే తలుపు తీయరు. ఆలస్యమైతే ఎంత పెద్దవాళ్ళైనా బయట వసారాలో నిలబడాల్సిందే. తలుపు దగ్గరి మనిషి తెల్ల గ్లౌజు తొడిగిన అరచెయ్యి తలుపుకున్న అద్దంలోంచి చూపిస్తాడు, ఆగమని. ఇరవై రెండేళ్ళుగా ఆ చెయ్యి క్లీవన్‌ది. రైల్వే యార్డులో చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ.

కిందటి ఆదివారం మగవాళ్ళ బైబిలు తరగతిలో గొడవయింది. నల్ల ఆడవాళ్ళని కాచుకునే పూచీ నల్ల మగాళ్ళది కాదా అని ఎవరో లేవదీశారు.

"ఎవడి ఇల్లు వాడు చూసుకుంటే చాలు," అన్నాడు ఒడెల్. "ఊళ్ళో ఆడాళ్ళందరికీ నేను మొగుణ్ణా ఏంటి?"

అందరూ నవ్వారు.

"మరి ఆ వర్లీన్ మొహం మీద దెబ్బలు చూశావా?" అన్నాడు ఇంకొకడు.

"పోలీసులకి చెప్తే దాని మొగుడు డోర్సీగాణ్ణి కాల్చి పారేస్తారు. వాడూ మన నల్లోడేగా?"

"చెప్పకపోతే వాడే ఆ పిల్లని చంపుతాడు."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. క్లీవన్ బైబిల్లో పేజీ తిప్పాడు. వర్లీన్ చిన్నప్పుడు చర్చిలో ఏడిస్తే పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చి ఊరుకోబెట్టింది అతనే.

ఈ ఆదివారం పాస్టరు గారు ప్రార్థనలో ఉండగా అద్దం అవతల వర్లీన్ కనిపించింది. ఒక కాలికే చెప్పుంది. పెదవి చిట్లింది. తలుపు వైపు పరిగెత్తుకొస్తోంది.

ఆలోచించే లోపే క్లీవన్ చెయ్యి లేచింది.

వర్లీన్ ఆగిపోయింది. ఆ చర్చిలో పుట్టి పెరిగిన పిల్ల. ఆ చెయ్యి చూస్తే ఆగడమే తెలుసు.

వెనకాలే డోర్సీ వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు.

క్లీవన్ తలుపు మీద చెయ్యి వేశాడు. చివరి బల్ల మీంచి ఒడెల్ గుసగుసగా, "మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకన్నా? ప్రార్థన కానీ," అన్నాడు.

క్లీవన్ తలుపు తోశాడు. బందు కీచుమంది. వంచిన తలలన్నీ లేచాయి.

అతను మెట్లు దిగేసరికి వర్లీన్‌ని ట్రక్కులో పడేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు డోర్సీ. క్లీవన్ వెళ్ళి బండికి అడ్డం నిలబడ్డాడు. అదే అరచెయ్యి ఎత్తాడు.

"తప్పుకో ముసలోడా! నా పెళ్ళాన్ని నేను తీసుకెళ్తున్నా."

"దింపు ఆ పిల్లని."

"నీకేమవుతుందిరా అది?"

 క్లీవన్ చెయ్యి దించలేదు. బండి కదిలి ముందు బంపరు మోకాళ్ళకి తగిలింది. 

"ఒడెల్! ఒక్కడైనా రండిరా!" అని అరిచాడు. వెనక అడుగుల చప్పుడు లేదు.

"దిగమ్మా వర్లీన్! ఇందాక ఆపింది నేనే. ఇప్పుడు పరిగెత్తు తల్లీ!"

డోర్సీ బండి దిగొచ్చి మొహం మీద గుద్దాడు. క్లీవన్ కింద పడ్డాడు. పడుతూనే వాడి కాలు రెండు చేతులతో వాటేసుకున్నాడు. వర్లీన్ అటువైపు తలుపు తీసుకుని దూకింది. కుంటుతూ మెట్లెక్కింది.

గుమ్మంలో ఒడెల్ నిలబడి ఉన్నాడు, కాలూ చెయ్యీ ఆడక. ఆమె అతన్ని తోసుకుని లోపలికి పోయింది.

"గడియ పెట్టరా ఒడెల్!" అని కింద నుంచే అరిచాడు క్లీవన్.

డోర్సీ బూటుతో తన్నాడు. మళ్ళీ తన్నాడు. తెల్ల గ్లౌజులు ఎర్రబడ్డాయి. చర్చి వైపు నుంచి ఇంకా ఏ చప్పుడూ లేదు. ఇంక పట్టు జారుతుందనుకున్నాడు క్లీవన్.

అప్పుడు గడియ పడిన చప్పుడు వినిపించింది.

అతను కాలు వదల్లేదు.