పొట్టోడి కరువు పరీక్ష

కుండీల గదిలో నీళ్ళు పోయకూడదు. తలుపు మీద ఎర్రక్షరాలతో రాసి మరీ ఉంది. అయినా ఆ ఉదయం కంప్యూటర్ తెరవగానే ఎవరో పోశారని లెక్కలమ్మాయికి తెలిసిపోయింది. ఒక్కో కుండీ కింద ఒక్కో తూకం యంత్రం. నీళ్ళు ఆపిన నాటినుంచి బరువు గీతలన్నీ కిందికే దిగాలి. గోడవైపు వరసలో కొన్ని గీతలు నిన్న సాయంత్రం టక్కున పైకి లేచి కూర్చున్నాయి.

కుండీల్లో ఉన్నది మొక్కజొన్న, రకరకాల వంగడాలు, ఒక్కో రకం కొన్నేసి కుండీల్లో. వాటి ఆకుల్లోని జన్యువులు చదివి, పాత పంటల దిగుబడులతో కలిపి, ఏది నీటి ఎద్దడికి నిలబడుతుందో ముందుగానే లెక్కగట్టి చెప్పడం ఆమె పని. లెక్కలమ్మాయి అన్న పేరు అలా పడిపోయింది. ఈసారి ఆమె లెక్క ఒక గిడసబారిన రకాన్ని పైకి తెచ్చింది. అందరూ దాన్ని పొట్టోడని నవ్వుతారు. ఈ కరువు పరీక్షలో నెగ్గిన మూడు రకాలే పొలానికి వెళ్తాయి. పొట్టోడు నెగ్గకపోతే వాడి విత్తనం సంచిలోనే ఉండిపోతుంది, ఆమె మాటకూ విలువ పోతుంది.

నిన్న తన మీటింగ్ అయ్యేదాకా ఆ గదిలో కూర్చున్నది ఒక్కరే. పాపకి ఒళ్ళు వెచ్చబడిందని చంటిదాన్ని చంకనేసుకొచ్చిన అత్తగారు. వెంటనే ఫోన్ చేసింది.

"అత్తయ్యా, నిన్న కుండీల్లో నీళ్ళేమైనా పోశారా?"

"పోశానే. మూలనున్న కుళాయి దగ్గర పాప సీసాతో పట్టి పోశా. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉంటే నా ప్రాణం ఉసూరుమంది. చదువుకున్నోళ్ళు చేసే పనేనా అది?"

"తలుపు మీద రాసుంది కదండీ!"

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా. అయినా నీళ్ళు పోయొద్దని రాసే మనుషులుంటారని నేనేమైనా కలగన్నానా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. "ఏ మొక్కలకి పోశారు?"

"సొమ్మసిల్లిన వాటికే. బాగున్నవాటికి ఎందుకు దండగ?" అని, గొంతు తగ్గించి, "ఏమే, నీ ఉద్యోగానికేం రాదు కదా?" అంది.

"రాదులెండి. పాపకి ఒళ్ళు కాలుతోందా?"

"మంచులా ఉంది. ఇందాకట్నుంచి నా జుట్టు పీకుతోంది. నువ్వు నీ పని చూసుకో."

ఆమె గదంతా తిరిగి చూసింది. పొట్టోడి కుండీల్లో మట్టి పొడిపొడిగా ఉంది. వాడు వాడిపోలేదు కాబట్టి వాడికి ఎవరూ పోయలేదు.

ప్రయోగశాల పెద్ద మేడమ్, పొలం పనులు చూసే, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన కలిసే వచ్చారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. "పోసింది మా అత్తయ్య. కూర్చోబెట్టింది నేను. తప్పు నాదే మేడమ్."

"అదృష్టవంతురాలివి. మా అత్తగారు మనుషులకే పోసేది కాదు," అంది మేడమ్ తెర వైపు వంగుతూ. "సరే. నీళ్ళు తాగిన కుండీలు లెక్కలోంచి తీసేసి, మిగతావాటితో తేల్చు."

"వద్దు మేడమ్."

మేడమ్ తలెత్తింది. ఆవిడతో ఆ మాట అన్నవాళ్ళు తక్కువ.

"తనిఖీకి వచ్చిన రోజు మొద్దు పిల్లల్ని ఇంటి దగ్గరే ఉంచితే బడికి మంచి పేరొస్తుంది కదా, ఇదీ అంతే. నీళ్ళు తాగినవన్నీ బాగా వాడిపోయినవే. వాటిని తీసేస్తే ఓడిపోతున్న రకాలు గెలిచినట్టు కనిపిస్తాయి."

"ఉంచితే?"

"ఉంచినా తప్పే. నీళ్ళు తాగి తేరుకున్నాయి."

"మళ్ళీ మొదట్నుంచి అంటే విత్తే అదను దాటిపోతుందమ్మాయ్," అన్నాడు బాబాయి.

"అక్కర్లేదు బాబాయ్. నీళ్ళు పడ్డ క్షణం తూకాల్లో స్పష్టంగా ఉంది. అక్కడ గీత గీసేద్దాం. అప్పటిదాకా అన్ని కుండీల బరువులూ, కెమెరా తీసిన ఆకుల ఫొటోలూ ఉన్నాయి. ఏ కుండీనీ వదలకుండా అక్కడికి ఆపి చూద్దాం. ఎండింది తక్కువ రోజులు కాబట్టి తేడాలు సన్నగానే వస్తాయి, అది ముందే చెప్తున్నా."

"నీ పొట్టోడికి కలిసొస్తుందనా?" అంది మేడమ్.

"వస్తుందో రాదో నాకూ తెలీదు. మీ ముందే నడుపుతాను."

నడిపింది. అంకెలు తెర మీదికి వస్తుంటే చూపు తిప్పుకోలేదు. మొదటి రెండూ అందరూ అనుకున్నవే. మూడోవాడు పొట్టోడు. నాలుగోది, బాబాయి మనసుపడ్డ నిలువెత్తు రకం, వెంట్రుకవాసిలో వెనకబడింది.

మేడమ్ లెక్క మొత్తం మళ్ళీ ఒకసారి నడిపించింది. అదే వచ్చింది. "పొలానికి పంపండి," అని లేచింది.

"వెంట్రుకవాసి గెలుపు," సణిగాడు బాబాయి. "పీలవెధవ. గాలికే పడిపోతాడు. పోనీలే, కాలవ పక్కన మంచి మడి ఇస్తా. నీ పరువన్నా దక్కుతుంది."

"కాలవ పక్కన వద్దు బాబాయ్. అక్కడ అందరూ బతుకుతారు. నీళ్ళు అందీ అందని చివరి మడి ఇవ్వండి, మీ పొడుగాయన్ని కూడా పోల్చి చూడ్డానికి పక్కన నాటండి. సన్నగా వచ్చిన తేడా అక్కడ లావుగా కనిపిస్తుంది."

"అంత ధీమానా?"

"లెక్క మీద ధీమా. వాడు ఓడిపోతే అదీ నేనే చెప్తా."

బాబాయి ఆమె మొహంలోకి ఓసారి చూసి, పొట్టోడి విత్తనం సంచి భుజానికెత్తుకున్నాడు.