సంఘం గంప

"అక్కణ్ణించి కాదే మనవరాలా, నే సెప్తుంటే ఆ పొద్దున్నించి రాయి. అప్పుడే గంప తలకెత్తుకుంది పోతమ్మ."

ఫిషింగ్ హార్బర్ వెనక ఎండుచేపల షెడ్డు, దాని పక్కనే నా ఉప్పు కొట్టు. షెడ్డులో అమ్మేవాళ్లందరికీ ఒక సంఘం ఉంది. బోణీకి ముందు ప్రతి మనిషీ గుప్పెడు సరుకు సంఘం గంపలో వేయాలి. మధ్యాహ్నం ఆ గంపను వేలం వేస్తే వచ్చేదే సంఘానికి ఆధారం. దీపాలు, నీళ్లు, కాపలా, అన్నీ దాంతోనే. గంప మోసేది పోతమ్మ. సన్నటి మనిషి, ఉప్పుకు పగిలిన వేళ్లు. జీతం లేదు. గంప అడుగున మిగిలే పొడి ఆమెది.

కొత్త అధ్యక్షుడు సుమంత్ గంప మానిపించి, నెలనెలా చందా ఫోన్లో పంపమన్నాడు. అమ్మిన డబ్బు చేతిలో పడ్డాక ఎవరికి వదలబుద్ధవుతుంది? ఏడాది తిరక్కుండా సంఘం వట్టిపోయింది. గాలికి లేచిపోయిన షెడ్డు రేకులు మళ్లీ వేయించే దారి లేదు. వానలొస్తే సరుకంతా కుళ్లుతుంది. ఇక సంఘం మూసేద్దామని ఆ సాయంత్రం మీటింగు పెట్టారు.

ఆ పొద్దున పోతమ్మ ఎవరినీ అడక్కుండా గంపతో బయల్దేరింది.

"మూసేత్తన్నారు కదే, ఇంకా గంపేటి?" అని నూకాలు ఎగతాళి చేసింది.

"మూసేది సాయంత్రం. నీకింకా బోణీ అవనేదు. ఎయ్."

నూకాలు నవ్వేసి గుప్పెడు ఎండు నెత్తళ్లు వేసింది. ఆమెను చూసి పక్కామె రొయ్యపప్పు వేసింది. షెడ్డు చివరికి వచ్చేసరికి గంప మోయలేక పోతమ్మ రొప్పుతోంది.

సంఘం గంపను చవగ్గా పాడకూడదని పాత ఆనవాయితీ. వేలంలో మొదటి పాట సుమంతే పాడాడు, తల దించుకునే, కానీ గట్టిగా. బేరగాళ్లు పాటను ఇంకా పైకి తీసుకెళ్లారు. రేకులన్నిటికీ చాలదు గానీ బయానాకు సరిపోయింది. సాయంత్రం మూసే మాట ఎవరూ ఎత్తలేదు. రేకుల కొట్టుకు ఎవరెళ్లాలన్నదే మాట.

పోతమ్మ స్తంభానికి ఆనుకుని టీ తాగుతూ వింటోంది. నేను నా ఉప్పు కొట్టు కట్టేసి, ఇంటికి వెళ్లవా అని అడిగాను.

"కుసింత సేపు కూకుంటాను బావా. రేపు రెండు గంపలు కావాల," అంది.

గ్లాసు కింద పెట్టి కళ్లు మూసుకుంది. మీటింగు అయ్యాక నూకాలు లేపబోయింది. పోతమ్మ లేవలేదు.

"మనవరాలా, ఈ కాగితం యారాడ ఊరు తీసుకెల్లి పోతమ్మ తోడబుట్టిన అప్ప ముసలమ్మకి సదివి ఇనిపించు. వానలకి ముందే కొత్త రేకులు ఏయించేసినామని సెప్పు. గంప అందరూ వంతులేసుకుని మోత్తన్నారని సెప్పు. తలమీద పెట్టుకునే గుడ్డచుట్ట మాత్రం పోతమ్మదే. ఎవులూ మార్చనేదు. ఓ పక్కకి నొక్కుకుపోయి, ఇంకా అలాగే ఉంది."