అట్ట మీద మీసాల రాజు

పాట మొదలైన మరుక్షణం పాపాయి ప్లేయర్ని మంచం మీదకు విసిరేసింది.

వంటింట్లోంచి కోడలు సత్యశ్రీ గరిటతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండి అత్తయ్యగారు? షాక్ కొట్టిందా?"

"దాన్లో చిట్టెమ్మ ఉంది."

సత్యశ్రీకి ఏమీ అర్థం కాలేదు. అరచేతిలో ఇమిడే ఆ మ్యూజిక్ ప్లేయర్ని కొని తెచ్చింది తనే. ఫోన్లో పాట పెడితే సరిగ్గా రాగం తీసే చోట ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. పద్యం తెగిపోతుంది, అత్తగారికి ఒళ్లు మండుతుంది. అందుకని పాట పాడటం తప్ప మరో పని తెలియని యంత్రాన్ని వెతికి తెచ్చింది. అటక మీద దొరికిన పాత నాటకం క్యాసెట్‌ని రాజమండ్రిలో ఒక షాపులో ఇచ్చి, అందులోని పద్యాలన్నీ ప్లేయర్లోకి ఎక్కించింది. అక్కడితో ఆగినా బాగుండేది. క్యాసెట్ అట్టని కూడా స్కాన్ చేసి, పద్యం వచ్చినంతసేపూ తెర మీద ఆ బొమ్మ కనపడేలా పెట్టింది. కొంప ముంచింది అదే.

తెర మీద ఒక రాజు. తల మీద కిరీటం, చేతిలో కత్తి, మెలితిప్పిన మీసాలు.

"ఇది మీరు కాదాండి?"

"నేనైతే ఎందుకు విసిరేస్తానే?"

ఆ పూట ధవళేశ్వరంలోని ఆ ఇంట్లో కూర మాడిపోయింది గాని, ఇన్నేళ్లూ బయటికి రాని కథ బయటికొచ్చింది. హార్మోనియం మాస్టారు వీరబ్రహ్మంగారి నాటక సమాజంలో పాపాయిది పెద్దరాజు వేషం. చిట్టెమ్మది చిన్నరాజు. ఇద్దరు ఆడవాళ్లు మీసాలు పెట్టుకుని సింహాసనం కోసం కొట్లాడుకుంటూ పద్యాలు పాడుతుంటే, తుని నుంచి పాలకొల్లు దాకా జనం ఒన్స్ మోర్ అంటూ తెర దించనిచ్చేవారు కాదు. స్టేజి దిగితే ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే చాప. ఆ పద్యాలు క్యాసెట్‌గా వచ్చాయి. అట్ట మీద మాత్రం రాజు ఒక్కడే. ఆ రాజు తను కాదని పాపాయికి చూడగానే తెలిసిపోయింది. సమాజంలో ఉన్న రాజులు ఇద్దరే. మరి మిగిలింది ఎవరు?

ఆ రోజు నుంచి చిట్టెమ్మతో మాటల్లేవు. తర్వాత కొన్నాళ్లకే సమాజం కూడా మూతపడింది.

"ఇంతే కదండి. బొమ్మ మార్చేస్తాను, రెండు నిమిషాల పని. మీ వేషం ఫోటో ఒకటి ఇవ్వండి," అంది సత్యశ్రీ.

"వేషం ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులో ఉన్న మొహం పెడతావేంటి రాజ్యం ఏలడానికి?" పాపాయి మంచం మీది ప్లేయర్ని చేతిలోకి తీసుకుంది. ఆమె గొంతు తగ్గింది. "నాకు వినాలనే ఉంది సత్యా. ఆ కొట్లాట పద్యం వినాలని ఎంతగా ఉందో నీకు తెలీదు. కానీ దాని మొహం చూస్తూ నా గొంతు వినలేను. నా చోటు కాజేశానని అది ఒక్కసారి ఒప్పుకోవాలి. అప్పుడు ఏ బొమ్మ పెట్టినా పర్లేదు."

ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ చిట్టెమ్మ ఉండే పాలకొల్లుకి బస్సెక్కారు. దారి పొడుగునా పాపాయి ప్లేయర్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. కిటికీ పక్కన కాలువలు, కొబ్బరితోటలు వెనక్కి వెళుతున్నా ఆమె తల తిప్పలేదు. అడగాల్సిన మాటలు వరస పెట్టుకుంటోంది. రావులపాలెం దాటేసరికి వాటిలో తిట్లు తీసేసింది. పాలకొల్లు బస్టాండులో దిగేసరికి మళ్లీ చేర్చింది.

చిట్టెమ్మ వీధి వాకిట్లో కుర్చీ వేసుకుని దిబ్బరొట్టె తింటోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఠీవి మాత్రం తగ్గలేదు.

"ఏంటండి, దారి తప్పారా?" అంది.

ఒకే కంచంలో తిన్న మనిషి 'అండి' అంటే పాపాయికి చెంప మీద కొట్టినట్టయింది. ప్లేయర్ బటన్ నొక్కి, వెలుగుతున్న తెరని చిట్టెమ్మ మొహం ముందు పెట్టింది. ముద్దాయికి సాక్ష్యం చూపించే పోలీసులా చూపు తిప్పకుండా నిలబడింది.

చిట్టెమ్మ చేతిలో దిబ్బరొట్టె ముక్క జారి పళ్లెంలో పడింది.

పాపాయి లోపల విజయభేరి మోగింది. దొరికిపోయింది.

"ఇన్నేళ్లకి కూడా నీ మొహం నాకు చూపించి ఏడిపించడానికి వచ్చావేంటే?" అంది చిట్టెమ్మ.

విజయభేరి ఆగిపోయింది. "నా మొహమా?"

"కాకపోతే నాదా? అట్ట మీద మహారాణీగారు వెలిగిపోతుంటే, గొంతు పోయేలా పాడిన నేను అట్ట లోపల ఉత్త పేరుగా మిగిలాను. ఆ క్యాసెట్ ఆ రోజే కాలువలో పారేశాను."

"నేనూ చూసిన వెంటనే అటకెక్కించేశాను. అది నువ్వు కదే?"

"నా ముక్కు అలా ఉంటుందేంటే? దొండకాయలాగ?"

"మరి నాది ఉంటుందా?"

ఇద్దరూ ఒకరి ముక్కు ఒకరు చూసుకున్నారు. ఎవరిదీ దొండకాయ కాదు.

సత్యశ్రీ గబగబా తన ఫోన్ తీసింది. అట్ట స్కాన్ అందులోనూ ఉంది. రెండు వేళ్లతో బొమ్మని పెద్దది చేసి ఇద్దరి మధ్యా పెట్టింది. కిరీటం పక్కకు పోయింది, కత్తి పక్కకు పోయింది. మీసం ఒక్కటే తెర నిండా నిలిచింది.

పాపాయి కళ్లజోడు సవరించుకుంది. వందల రాత్రులు మూతికి జిగురు రాసుకుని మీసం అంటించుకున్న మనిషి ఆమె. అంటించిన మీసం కింద గుడ్డ అంచు కనిపిస్తుంది. పై పెదవి కాస్త బిగుసుకుని ఉంటుంది. ఈ మీసానికి అంచు లేదు.

"చిట్టెమ్మా," అంది మెల్లగా. "ఇది అంటించింది కాదు."

చిట్టెమ్మ కుర్చీ ముందుకు జరిపింది. "మొలిచిందే," అంది. "ఎడమ పక్కకి వాలింది కూడా."

ఎడమ పక్కకు వాలిన మీసం వాళ్లిద్దరికీ తెలిసినది ఒక్కటే. సమాజం ఉన్నన్నాళ్లూ అది హార్మోనియం వెనకాలే ఉండేది.

"ఎక్కడుంటున్నాడే?" అంది పాపాయి.

"గుడి దాటాక రెండో వీధి. ఆటోని పిలవమ్మా," అంది చిట్టెమ్మ సత్యశ్రీతో.

వీరబ్రహ్మం అరుగు మీద పేపర్ చదువుకుంటున్నాడు. ఆటో ఆగింది. ముందు పాపాయి దిగింది. ఆయన చిరునవ్వు నవ్వాడు. వెనకాలే చిట్టెమ్మ దిగింది. ఆ ఇద్దరూ ఒకే ఆటోలోంచి దిగారంటే ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పేపర్ అరుగు మీదే వదిలేసి, ఆ వయసు మనిషి వెళ్లకూడనంత వేగంగా లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాడు.

చిట్టెమ్మ తలుపు బాదింది.

"వీరబ్రహ్మంగారు ఊళ్లో లేరండి," అంది లోపల్నుంచి వీరబ్రహ్మం గొంతు.

"శ్రుతి తప్పారు మాస్టారూ. తలుపు తియ్యండి," అంది పాపాయి.

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ముందు మీసం బయటికొచ్చింది. తెల్లబడింది గాని, వాలడం ఇంకా ఎడమ పక్కకే.

"కూర్చోండమ్మా, మజ్జిగ తెప్పిస్తాను."

"మజ్జిగ తర్వాత. ఈ రాజెవరు?"

ఆయన ప్లేయర్ వంక చూడనైనా లేదు. "ఫోటోకి రమ్మని కబురు పెడితే మీరేమన్నారు పాపాయిగారూ? పెద్దరాజుని, నా మొహం పైన ఉంటేనే వస్తానన్నారు. చిట్టెమ్మగారేమో తన మొహం ఒక్క వెంట్రుకవాసి చిన్నదైనా రానన్నారు. ఫోటోగ్రాఫర్ కెమెరా సర్దేస్తున్నాడు. అట్ట ఆ సాయంత్రమే ప్రింటుకి వెళ్లాలి. కిరీటం నా ఎదురుగా ఉంది." మీసం మీద చెయ్యి వేశాడు. "మీసం ఎలాగూ ఉంది."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెప్తే మీరిద్దరూ ఒకటై నన్ను తన్నేవారు. చెప్పకపోతే విడివిడిగా సణిగేవారు. నాకు అదే తేలిక అనిపించిందండి."

మొదట నవ్వింది చిట్టెమ్మ. పాపాయి ఆపుకోవాలని చూసింది గాని, పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడింది. ఇద్దరూ ఆయన్ని కలిసి తిట్టారు. పాపాయి మొదలుపెట్టిన తిట్టుని చిట్టెమ్మ పూర్తి చేసింది, చిట్టెమ్మ ఆపిన చోట పాపాయి అందుకుంది. వీరబ్రహ్మం తల వంచుకుని విన్నాడు. ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

మజ్జిగ వచ్చాక సత్యశ్రీ అసలు విషయంలోకి వచ్చింది. "ఏ పద్యానికి ఆ బొమ్మ విడిగా పెట్టొచ్చండి. అత్తయ్యగారి పద్యాలకి అత్తయ్యగారు, మీ పద్యాలకి మీరు."

"కొట్లాట పద్యానికో?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"దానికి ఇద్దరూ ఉండాలి కదండి. రండి, ఫోటో తీస్తాను."

ఇద్దరూ అరుగుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని, గడ్డాలు పైకెత్తారు. సత్యశ్రీ ఫోటో తీసి, అక్కడికక్కడే ప్లేయర్లోకి ఎక్కించాలని చేతిసంచీలోంచి లాప్‌టాప్ తీసింది. ప్లేయర్ తెర మీద బొమ్మ పడింది. మధ్యలో పేద్ద గోడ, గోడ మీద క్యాలెండరు. రెండు అంచుల్లో ఆవగింజలంత ఇద్దరు ముసలమ్మలు.

"నేనేదే?" అంది పాపాయి.

"ఇదిగో, ఈ చుక్కండి. తెర చదరంగా ఉంటుందండి. మీరు ఎంత దూరంగా కూర్చుంటే మొహాలు అంత చిన్నవైపోతాయి."

పాపాయి ఒక జానెడు జరిగింది. చిట్టెమ్మ కూడా జరిగింది. సత్యశ్రీ మళ్లీ తీసింది, మళ్లీ చూపించింది. ఇప్పుడు బఠాణీ గింజలంత ఉన్నారు.

"ఇంకా పెద్దగా రావాలి," అంది చిట్టెమ్మ.

"అయితే ఇటు రావే, నేనొక్కదాన్నే జరగాలా?"

"నువ్వు పెద్దరాజువి. నువ్వే రా."

భుజాలు తగిలాయి. అదీ చాలలేదు. చివరికి పాపాయి చెంప వెళ్లి చిట్టెమ్మ చెంపకు ఆనింది. చిట్టెమ్మ చెంప మీద ఇంకా మజ్జిగ చెమ్మ ఉంది. తెర మీద గోడ పోయింది, క్యాలెండరు పోయింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రెండే మొహాలు మిగిలాయి.

"ఇప్పుడెంత వచ్చాం?" కదలకుండా అడిగింది పాపాయి.

"నిండుగా వచ్చారండి."

"అలాగే ఉంచు. పద్యం పెట్టు."