షెబ్వానా పంచిన కంగాలు

మొంబాసా పాత ఊళ్ళో పోయిన ఆడవాళ్ళకు చివరి స్నానం చేయించేది మ్వానకొంబోయే. ఆ పొద్దున వాళ్ళ వీధిలోని సలామా పోయింది. మధ్యాహ్నం నమాజులోపు ఆవిడను కడిగి, తెల్లగుడ్డ చుట్టి, మగవాళ్ళ భుజాల మీద సాగనంపాలి. కడగడానికి నీళ్ళేవి? పదకొండు రోజులుగా వీధి కొళాయిలో చుక్క లేదు. తోపుడుబండివాడు ఆ రోజు రానేలేదు. రేవులో ఓడలకు మాత్రం గొట్టాలు పెట్టి మంచినీళ్ళు నింపుతూనే ఉన్నారు. ద్వీపం చుట్టూ సముద్రం ఉండి ఏం లాభం, శవానికి బక్కెట్టు నీళ్ళు లేకపోయాక?

సరిగ్గా అప్పుడే కౌన్సిలరు షెబ్వానా మనుషులు వచ్చి ఓ మూట దింపారు. ఏడుస్తున్న ఇంటికి కానుకట. విప్పితే కొత్త కంగాలు, అక్కడి ఆడవాళ్ళు ఒంటికి కప్పుకునే, అంచున ఏదో ఒక మాట అచ్చేసి ఉండే గుడ్డలు. పసుపు అంచు, నడుమ బిందె బొమ్మ, కింద పెద్దక్షరాలు: "మా ఇంటికి నీళ్ళొచ్చాయి, షెబ్వానా చల్లగా ఉండాలి." రేపటి సభకు ఆడవాళ్ళంతా ఇవే కప్పుకుని రావాలట, ఫోటోలు తీస్తారట. సిగ్గూ శరమూ ఉండక్కర్లేదూ మనిషికి?

"ఊరికే వచ్చిన బట్ట, పిన్నీ. ఎవరు చదువుతారు?" అంది పక్కింటి మెజుమా, అప్పటికే ఒకటి భుజాన వేసుకుని.

"ఎవరు చదువుతారా?" అంది మ్వానకొంబో. "నీ తోడికోడలి కంగా మీద మాట చదివి, ఆర్నెల్లు దాని గుమ్మం తొక్కనిది నువ్వు కాదుటే? ఒంటి మీద వేసుకున్నాక అది మనమన్న మాటే."

ఆ ఊరి ఆడవాళ్ళు నోటితో అనలేనిది కంగాతో అంటారు. అన్నాక కాదనడానికి లేదు.

మ్వానకొంబోకు ఒళ్ళు మండిపోయింది. శవం పక్కనుంచి లేచి, ఆ కంగాల్లో ఒకటి తనే తీసి కప్పుకుంది.

"అందరూ కప్పుకోండి. బక్కెట్లు పట్టండి," అంది.

పాతికమంది వెళ్ళి షెబ్వానా ఇంటి ముందు నిలబడ్డారు. డాబా మీద తొట్టి నిండి, నీళ్ళు గోడ వెంట కారిపోతున్నాయి.

"ఏంటమ్మా, సభ రేపు కదా," అన్నాడు షెబ్వానా నవ్వుతూ.

"నీ మాట మా ఒంటి మీద వేశావు నాయనా. మేం అబద్ధాలాడే ఆడవాళ్ళం కాదు. అక్కడ సలామా స్నానానికి కాచుకునుంది. నీళ్ళొచ్చిన ఇల్లు ఊరంతటికీ ఇదొక్కటే కనబడింది. తలుపన్నా తియ్యి, నీళ్ళు రాలేదనన్నా చెప్పు. చెబితే ఈ కంగాలు ఇక్కడే నీ గుమ్మానికి వేలాడదీసి పోతాం."

వీధి అరుగుల మీద కాఫీ తాగుతున్న మగవాళ్ళంతా కప్పులు దించి చూస్తున్నారు. షెబ్వానా నవ్వు మాయమైంది. తలుపు తీశాడు. బక్కెట్లన్నీ నింపుకుని ఆడవాళ్ళు సలామా ఇంటికి తిరిగొచ్చారు.

శవాన్ని కడిగేటప్పుడు పైన నలుగురు ఆడవాళ్ళు కంగా పందిరిలా పట్టాలి. మెజుమా అలవాటు కొద్దీ భుజాన ఉన్న కొత్తది తీసి చాపింది. మ్వానకొంబో ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది వద్దే. బతికున్నవాళ్ళం మోశాం, చాలు. సలామా చివరి రోజు దాకా ఖాళీ బక్కెట్టు పట్టుకుని తిరిగింది. దీని మీద ఆ మాట కప్పకు."

మెజుమా దాన్ని గుమ్మం బయటికి విసిరేసి, తన పాత కంగా విప్పి పట్టుకుంది.