వీణ లాప్‌టాప్‌ని ఆపిందెవరు

వీణ ఉద్యోగమంతా ఒక లాప్‌టాప్ మీదే నడిచేది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని విని, టైపు చేసి, హైదరాబాదులోని కంపెనీకి పంపేది. 2007 జూన్‌లో ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికల్లా పద్నాలుగు ఫైళ్లు పంపాలి. పొద్దున్నే అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే, ఇంటర్నెట్ రాలేదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ లాప్‌టాప్‌లో తప్ప తెరుచుకోదు.

రౌటర్ మీద దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. పక్క ఫ్లాట్ల నెట్‌వర్కులు కూడా కనిపిస్తున్నాయి. తమది నొక్కితే మాత్రం కనెక్ట్ కావడం లేదు. గుర్‌గావ్ ఆఫీసులో ఉన్న భర్త సాయినాథ్‌కి ఫోన్ చేసింది.

"రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యి."

"రెండుసార్లు చేశానండి."

"పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నావేమో. ఇంకోసారి చూడు. నాకు మీటింగ్ ఉంది."

చెప్పినవన్నీ చేసింది. పన్నెండింటికి మళ్లీ ఫోన్ చేస్తే, "నువ్వే ఏదో నొక్కేసి ఉంటావు" అన్నాడు. నిజమేనేమోనని వీణ తనను తానే తిట్టుకుంది.

వీణ పిలిపించిన ఇంటర్నెట్ కంపెనీ మనిషి ద్వారకలోని వాళ్ల ఫ్లాట్‌కి చేరేసరికి రెండున్నర దాటింది. రౌటర్‌కి వైరు తగిలించి, తన దగ్గరున్న పాస్‌వర్డ్‌తో సెట్టింగులు తెరిచి చూశాడు.

"దీదీ, మీ లాప్‌టాప్ బ్లాక్ చేసి ఉంది" అన్నాడు హిందీలో. "దానంతట అదే అయ్యేది కాదు. రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ తెలిసినవాళ్లెవరో నిన్న రాత్రి చేశారు."

ఆ పాస్‌వర్డ్ ఇంట్లో సాయినాథ్ ఒక్కడికే తెలుసు. వీణకి చెవులు వేడెక్కాయి. బ్లాక్ తీయించి ఫైళ్లు పంపడం మొదలుపెట్టింది.

ఫైళ్లు వెళ్లేసరికి మూడున్నర. అప్పటికే పైఅధికారి గౌరి ఫోన్ వచ్చింది. వచ్చే నెల పని వేరేవాళ్లకి ఇచ్చేశానంది.

ఏడింటికి సాయినాథ్ వచ్చి బూట్లు విప్పుతుంటే వీణ ఎదురుగా నిలబడింది.

"నా లాప్‌టాప్‌ని ఎందుకు బ్లాక్ చేశారు?"

అతను తల ఎత్తలేదు. "నిన్న మా బాస్ ఇంటికి భోజనానికి రమ్మంటే పని ఉందన్నావు. నాకు తలకొట్టేసినట్టయింది. ఒక్కరోజు ఆ పని లేకపోతే ఏమవుతుందో చూద్దువని."

"మరి పొద్దుట్నుంచీ నాచేత అవన్నీ ఎందుకు చేయించారు? తెలిసే కదా చేయించారు."

అతను రెండో బూటు లేసు విప్పసాగాడు. వీణ గౌరి నంబరు కలిపి ఫోన్ అతని చేతికిచ్చింది. "జరిగింది చెప్పండి."

"నమస్తే మేడమ్. ఇంట్లో చిన్న టెక్నికల్ ప్రాబ్లమ్ వచ్చి..."

వీణ ఫోన్ లాక్కుంది. "ప్రాబ్లమేమీ రాలేదు గౌరి గారూ. నేను పని చేయకూడదని మా ఆయనే ఆపేశారు."

"సోమవారం మాట్లాడదాం వీణా" అంది గౌరి మెల్లగా.

"పరాయివాళ్ల ముందు నా పరువు తీశావు" అన్నాడు సాయినాథ్.

"నా పరువు మీరు మధ్యాహ్నమే తీశారు."

తర్వాతి నెల వీణకి పని రాలేదు. ఆపై నెల సగం వచ్చింది. ఈలోగా తన పేరు మీద వేరే కనెక్షన్ పెట్టించుకుంది. పదిహేను రోజులకి సాయినాథ్ తప్పయిందన్నాడు. ఆమె విన్నది. సరేనని మాత్రం అనలేకపోయింది.