చివరి ఇంటి తాళంచెవి

ఆ సందు వాలుగా ఉంటుంది. అంట్లు తోమిన నీళ్లయినా, ఆకాశం కురిసిన నీళ్లయినా ఇళ్ల వెనకగా పోయే ఒకే కాలవలో పడి, చిట్టచివరి ఇంటి పెరట్లో ఉన్న ఇనుప జల్లెడ గుండా భూమిలోని గొట్టంలోకి దిగాలి. ఎవరింటి వెనక కాలవను వాళ్లే శుభ్రం చేసుకుంటారు. జల్లెడ బాధ్యత మాత్రం చివరి ఇంటివాళ్లది. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గాని, తప్పినవాళ్లను సందంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఆ చివరి ఇంటిని చిన్నకోడలు, ఆమె భర్త కొన్నారు. నగరంలో వాళ్లకు సొంత ఫ్లాటు ఉంది. ఇది సెలవులకూ గాలి మార్పుకూ కొనుక్కున్న రెండో ఇల్లు. దాని ఎగువ ఇంట్లో ఆమె తోడికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు కాపురం. ఆమె భర్త పుస్తకాల బైండరు. ఉన్న మూడు గదుల్లో వెనక గది ఆయన జిగురు గిన్నెలకూ అట్టలకూ పోగా, మిగిలిన రెంటిలో మంచం ఏ గోడకు జరిపితే నడవడానికి దారి మిగులుతుందా అని ఆమె పెళ్లయిన నాటి నుంచీ ఆలోచిస్తూనే ఉంది.

"మనకున్నది ఒకటే, అదీ ఇరుకు. వాళ్లకు ఉండటానికొకటి, ఉండకపోవడానికొకటి" అని తోడికోడలు గృహప్రవేశం చేసిన రోజే భర్తతో అంది. బైండరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నగరానికి తిరిగి వెళ్తూ చిన్నకోడలు తాళంచెవిని ఆమె చేతిలోనే పెట్టింది. అప్పటి నుంచి వారం వారం వెళ్లి కిటికీలు తీయడం, కుళాయిలు తిప్పి తుప్పునీళ్లు వదలడం, జల్లెడ చూడటం పెద్దకోడలి పనులయ్యాయి. పనులయ్యాక ఆ ఇంట్లో ఒక్కొక్క కుర్చీలోనూ కాసేపు కూర్చునేది. అలమరలోని పింగాణీ కప్పుల్లో ఒక్కదానికీ పెచ్చు ఊడలేదు. వాడితే కదా ఊడటానికి. ఎవరూ లేని గదుల్లో అంత వెలుతురు వృథాగా పడి ఉండటం ఆమెకు అన్యాయంగా తోచేది. కడుపు మండేది. కానీ ఆ తాళంచెవి నడుముకు వేలాడుతుంటే, సందులో నలుగురూ "చివరి ఇల్లు మీ చేతిలోనే ఉందిగా" అంటుంటే, ఆ మంటే చలికాలపు కుంపటిలా హాయిగానూ ఉండేది.

ఒకసారి చిన్నకోడలు వచ్చినప్పుడు కిటికీలకు కొత్త పరదాలు తెచ్చింది. పెద్దకోడలు ఆ బట్టను వేళ్ల మధ్య నలిపి చూసి, ఉండబట్టలేక అనేసింది.

"మీకేమమ్మా, తాళం వేసి చక్కాపోతారు. ఇక్కడ మాకు మా ఇల్లు ఊడ్చుకోవడానికే తీరిక లేదు. కావలి మనిషిని పెట్టుకోరాదూ?"

ఆ మాటకు ఆమె కోరుకున్న జవాబు ఒకటుంది. అయ్యో అక్కా, మీరు కాకపోతే మాకెవరున్నారు అని చిన్నకోడలు బతిమాలాలి. కాసేపు బెట్టు చేసి తాను ఒప్పుకోవాలి. చిన్నకోడలికి అంత లోతు తెలియలేదు. ముఖం చిన్నబుచ్చుకుని, "నిజమే అక్కా, మిమ్మల్ని ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టాం" అంది. సాయంత్రానికల్లా తాళంచెవి ఎదురింటి కుట్టుపనావిడ మెడలోని నల్లతాడుకు చేరింది.

కుట్టుపనావిడ ఆ సందుకు కొత్త. మిషను తొక్కుకుంటూ, తన మానాన తాను బతికే మనిషి. పెద్దకోడలు అంతవరకు ఆమెను పట్టించుకున్నదే లేదు. ఇప్పుడు మాత్రం ఆమె ఎప్పుడు మిషను ఆపుతుందో, ఎప్పుడు సందు దాటుతుందో, లోపల ఎంతసేపు ఉంటుందో అన్నీ పెద్దకోడలికి కావాలి. ఇదివరకు చిన్నకోడలి ఇల్లంటే అసూయ. ఇప్పుడు ఆ ఇంట్లో తిరిగే చెప్పుల చప్పుడన్నా అసూయే.

డాబా మీద బట్టలు ఆరేస్తూ ఒకనాడు ఆమె ఒక సంగతి గమనించింది. కుట్టుపనావిడ చివరి ఇంటి పెరడంతా అద్దంలా ఊడ్చి, ఆకులన్నిటినీ జల్లెడ మీదికి తోసి, బకెట్టుతో నీళ్లు కొడుతోంది. ఆకులు ఊచల సందుల్లోంచి జారిపోతున్నాయి. పైకి చూస్తే జల్లెడ శుభ్రం. కానీ దాని కింద చెత్త ఆగడానికి ఒక తొట్టి ఉంది. ఊచల చట్రాన్ని ఎత్తి, చెయ్యి పెట్టి, ఆ తొట్టిలోని ముద్దను తీయాలి. లేకపోతే ఆకులన్నీ అక్కడే కుళ్లి గొట్టం నోరు మూసేస్తాయి. అది చేతులు మురికి చేసుకున్నవాళ్లకే తెలుస్తుంది.

"మహాతల్లి ఆకులన్నీ తొట్టిలోకే తోస్తోంది" అని ఆ పూట భర్తకు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"చెప్పకపోయావా?"

"నన్నెవరైనా అడిగారా? ఏరికోరి తెచ్చుకున్నారుగా, ఆవిడకే తెలియాలి."

బైండరు ఆమె ముఖం చూసి, ముద్ద కలుపుకున్నాడు.

ఆ తరువాత కూడా వారం వారం ఆమె డాబా ఎక్కుతూనే ఉంది. పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి, బకెట్టు నీళ్లు జల్లెడ మీద పడటం కడదాకా చూసి దిగేది.

ఓ ఉదయం తొలివాన కుండపోతగా దిగింది. కాలవ నిండింది, పొర్లింది, వెనక్కు తన్నింది. వాలులో చివరి ఇంటికి పునాది ఎత్తు. నీళ్లకు ముందుగా దొరికింది దాని ఎగువ ఇల్లు. పెద్దకోడలు చూసేసరికి బైండరు వెనక గదిలో మడమలు మునిగే నీళ్లలో నిలబడి, బడి లైబ్రరీవాళ్లు బైండింగుకిచ్చిన పుస్తకాలను బల్ల మీదికి ఎత్తుతున్నాడు. కింది వరుస అప్పటికే నాని ఉబ్బింది.

బయట కుట్టుపనావిడ చివరి ఇంటి తాళం తీసి పెరట్లోకి పరుగెత్తి, ఏం చేయాలో తోచక చీపురు కర్రతో జల్లెడను పొడుస్తోంది. పెద్దకోడలు వెళ్లి ఆమెను పక్కకు నెట్టి, చట్రం ఎత్తి, భుజం దాకా చెయ్యి దింపి, నల్లటి ముద్దలు ముద్దలుగా తీసి పారేసింది. గొట్టం గుటక వేసినట్టు చప్పుడు చేసింది. నీళ్లు దిగడం మొదలైంది.

సందు ఊరుకోలేదు. "సూదిలో దారం ఎక్కించడమనుకుందేమో" అని పై ఇంటి రిటైర్డు డ్రైవరు వాకిట్లోంచే దెప్పాడు. ఇంకెవరో పెద్దకోడలిని చూపించి, ఆవిడ చేతిలో ఉన్నన్నాళ్లు ఇలా జరిగిందా అన్నారు. ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట. చెవిన పడింది గాని లోపలికి దిగలేదు. తన ఇంటి వెనక గదిలోంచి తడికాగితం వాసన వస్తోంది.

మర్నాడు చిన్నకోడలు వచ్చింది. వచ్చీ రాగానే తన ఇంటికి పోకుండా బావగారి గదిలో నేల మీద కూర్చుని, తడిసిన పుటల మధ్య పొడికాగితాలు పెట్టడం మొదలుపెట్టింది.

"తాళంచెవి ఇచ్చేస్తే బాధ్యత కూడా ఇచ్చేసినట్టేననుకున్నాం అక్కా. తప్పు మాది. ఇకనుంచి వానల ముందు నేనే వచ్చి జల్లెడ తీస్తాను" అంది.

అంతలో కుట్టుపనావిడ గుమ్మం దాకా వచ్చి, తాడు విప్పి, తాళంచెవిని గడప మీద పెట్టి, తల ఎత్తకుండా వెళ్లిపోయింది. చిన్నకోడలు దాన్ని తీసి పెద్దకోడలి చేతికిచ్చింది. "మధ్యలో కిటికీలవీ మీరే చూడండక్కా. ఈసారి కాదనకండి."

బైండరు పుట తిప్పుతున్నవాడల్లా ఆగి భార్య వైపు చూశాడు. ఆమె తాళంచెవి అందుకుంది.

చిన్నకోడలు తిరిగి వెళ్లిన మర్నాడు పెద్దకోడలు ఆ ఇంట్లోకి అడుగుపెట్టింది. కొత్త పరదాలు కిటికీలకు పొడుగేనని తెచ్చిన రోజే ఆమెకు అనిపించింది, నేల మీద పడి ఉంటాయని ఊహ. లేవు. అంచులు మడిచి, కంటికి కనపడని కుట్లతో, అన్నీ ఒకే ఎత్తుకు కుట్టి ఉన్నాయి. ఎవరూ చెప్పని పని. పాత మంట మళ్లీ అంటుకుంది. తాళంచెవి చేతిలోకి వచ్చినా ఇల్లు ఇంకా ఎదురింటి మనిషిదే అన్నట్టుంది. కూర్చోబుద్ధి కాలేదు. పెరట్లోకి పోయి చాలాసేపు జల్లెడ దగ్గర నిలబడి, చివరికి వాకిట్లోకి వచ్చి ఎదురింటి వైపు పిలిచింది.

"వదినా, ఒకసారి ఇలా రా. ఆ జల్లెడ పైన కడిగితే చాలదు, ఎత్తి తీయాలి. చూపిస్తాను."

మిషను చప్పుడు ఆగింది. కుట్టుపనావిడ వచ్చి జల్లెడకు అటువైపు గొంతుక్కూర్చుని, చట్రం ఎత్తడం, తొట్టిలో చెయ్యి దింపడం శ్రద్ధగా చూసింది. తానూ ఒకసారి ఎత్తి దించింది. తరువాత కోపం లేని గొంతుతో అంది.

"మీరు డాబా మీంచి చూస్తుండేవారు కదా వదినగారూ. తప్పుంటే చెప్తారులే అని ధైర్యంగా ఉండేదాన్ని."

పెద్దకోడలి చెయ్యి ఇంకా తొట్టిలోనే ఉంది. తీసేందుకు అక్కడ ఆకులేమీ లేవు. అయినా ఆమె తల వంచుకుని వేళ్లతో అడుగంతా తడుముతూనే ఉండిపోయింది.